సాక్షి చెప్పిన ఊరు

వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో, ప్రభుత్వ భూమిని సాగుచేసి పట్టా కోరిన హోమ్‌స్టెడ్ రైతుల ఫైళ్ళు లక్షల కొద్దీ ఉన్నాయి. నెబ్రాస్కా రైతుది ఏదో ఒకటి తెరిస్తే నూట ముప్పై, నూట నలభై ఏళ్ళ కిందటి ఇల్లు కళ్ళకు కడుతుంది. గడ్డి వేళ్ళతో సహా కోసిన మట్టి పెళ్ళలు పేర్చి లేపిన గోడలు, పొడవు ఇన్ని అడుగులు, వెడల్పు ఇన్ని అడుగులు, తలుపు ఒకటి, కిటికీలు రెండు. బావి ఉందా, పశువుల కొట్టం ఉందా, దున్నింది ఎన్ని ఎకరాలు, ఎన్నేళ్ళు పంట తీశారు, పిల్లలెందరు, మధ్యలో ఇల్లు విడిచి ఎన్ని నెలలు పోయారు, ఎందుకు పోయారు: అన్నీ ప్రశ్నలే, అన్నిటికీ జవాబులున్నాయి. పుట్టిన చోటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా ఫైళ్ళలో 'ఐర్లండ్' అన్న ఒక్క మాటతో సరిపెట్టారు.

వంశ చరిత్ర వెతికేవాళ్ళకు ఆ ఒక్క మాట చాలదు. ఐర్లండ్‌లో భూమి లెక్కలకు అట్టడుగు విభాగం టౌన్‌లాండ్. అలాంటివి అరవై వేలకు పైగా ఉన్నాయి. ఒకే పేరు గలవి వేర్వేరు కౌంటీల్లో బోలెడు. వెతుకుతున్న మనిషి పేరేమో పాట్రిక్ మర్ఫీయో మేరీ కెల్లీయో అయివుంటుంది. ఆ పేర్ల వాళ్ళు వేలమంది. టౌన్‌లాండ్, కనీసం పారిష్ తెలిస్తే తప్ప అక్కడి రికార్డుల్లో ఎవరు మనవాళ్ళో తేల్చడం కష్టం.

కాబట్టి ఐరిష్ హోమ్‌స్టెడ్ కుటుంబాల చరిత్ర వెతకడమంటే ప్రధానంగా ఒక ఊరి పేరు కోసం వెతకడం. ఆ పేరు సాధారణంగా మనం చూసే చోట దొరకదు. రైతు సొంత కాగితాల్లో లేనిది, అతని తరఫున ప్రమాణం చేసిన పొరుగువాడి కాగితాల్లో దొరుకుతుంది. ఈ విద్య కిటుకంతా అక్కడే ఉంది.

మైదానం దాకా వచ్చిన దారి

1845లో ఐర్లండ్ బంగాళాదుంప చేలకు తెగులు సోకింది. ఆ దుంప మీదే బతికే పేద కౌలుదార్ల పాలిట అది కరువైంది. ఏడేళ్ళలో దాదాపు పది లక్షల మంది ఆకలికీ జ్వరాలకూ పోయారు. అంతకంటే ఎక్కువ మంది ఓడలెక్కారు. 1841 జనాభా లెక్కల్లో 81 లక్షలకు పైగా ఉన్న జనం 1851 నాటికి 65 లక్షలకు పడిపోయారు.

వెళ్ళినవాళ్ళలో ఎక్కువ మంది న్యూయార్క్, బోస్టన్ వంటి నగరాల్లోనే ఆగిపోయారు. చేతిలో డబ్బులేదు. ఎడ్లు, నాగలి, విత్తనాలు, పంట చేతికొచ్చేదాకా తిండి సమకూర్చుకునే స్తోమత లేదు. పడమటికి కదిలినవాళ్ళు కూడా చాలామంది ఒక్క ఊపున పోలేదు. పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో కొన్నేళ్ళు, ఇల్లినాయి కాలువ తవ్వకాల్లో కొన్నేళ్ళు, రైలు పట్టాల పనిలో కొన్నేళ్ళు గడిపి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాకే భూమి వైపు చూశారు.

ఆ భూమికి దారి తెరిచింది 1862 మే 20న అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం. 1863 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. 21 ఏళ్ళు నిండినవాళ్ళు గానీ, ఇంటి పెద్దలు గానీ 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇల్లు కట్టుకుని, అయిదేళ్ళు అక్కడే కాపురముండి సాగుచేస్తే పట్టా. ఫీజులన్నీ కలిపి సుమారు 18 డాలర్లు. పౌరసత్వం ఉండాలి, లేకపోతే పౌరుడినవుతానని కోర్టులో ముందుగా ప్రకటన ఇచ్చి ఉండాలి. ఈ చివరి వెసులుబాటు వల్లనే నిన్నగాక మొన్న ఓడ దిగినవాడికీ తలుపు తెరుచుకుంది. ఈ చట్టం కింద మొత్తం మీద సుమారు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు పంపిణీ అయ్యాయి. అది దేశ భూభాగంలో దాదాపు పదోవంతు.

గుంపులుగా వచ్చిన ఐరిష్ వాళ్ళూ ఉన్నారు. మోనహన్ కౌంటీలో పుట్టిన జాన్ ఓనీల్, 1866లో ఐర్లండ్ స్వాతంత్ర్యం కోరే ఫీనియన్ దళంతో బ్రిటిష్ కెనడా మీద దండెత్తినవాడు, తరవాత తుపాకీ వదిలి తన జనానికి భూమి చూపించే పనికి పూనుకున్నాడు. పెన్సిల్వేనియా గని కార్మికుల మధ్య తిరిగి ప్రచారం చేశాడు. 1874లో అతని తొలి బృందం నెబ్రాస్కాలోని హోల్ట్ కౌంటీలో దిగింది. ఆ పట్టణం ఇప్పటికీ ఓనీల్ పేరుతోనే ఉంది. మిన్నెసోటాలో బిషప్ జాన్ ఐర్లండ్ రైలు కంపెనీల భూముల్లో కాథలిక్ ఊళ్ళు నెలకొల్పాడు. అన్నీ నిలదొక్కుకోలేదు. 1880లో ఐర్లండ్ పడమటి తీరంలోని కానెమారా నుంచి నేరుగా మిన్నెసోటాలోని గ్రేస్‌విల్‌కు తెచ్చిన సుమారు 300 మంది నిరుపేదలు ఆ ఏటి భయంకరమైన చలికాలానికి తట్టుకోలేకపోయారు. చాలామంది సెయింట్ పాల్ నగరానికి చేరి వాగు పక్కన గుడిసెలు వేసుకున్నారు. ఆ పేటకు 'కానెమారా ప్యాచ్' అని పేరొచ్చింది.

ఇంటి నుంచే మొదలు

వంశ చరిత్ర నేర్పేవాళ్ళు ముందుగా చెప్పే మాట: తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్ళు, ఒక్కో తరం వెనక్కి నడు, మధ్యలో మెట్టు దూకకు. ఐర్లండ్ నుంచి మొదలుపెట్టి ముందుకు వస్తే దారి తప్పడం ఖాయం. ముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడగాలి. బైబిల్ మొదటి పేజీల్లో రాసుకున్న జనన మరణాలు, చర్చిలో పంచిన సంస్మరణ కార్డులు, ఫొటోల వెనక రాతలు, ఉత్తరాల మీది తపాలా ముద్రలు పోగెయ్యాలి. 'మనవాళ్ళు కార్క్ నుంచి వచ్చారట' అన్న మాటను కొట్టిపారెయ్యకూడదు, నమ్మనూ కూడదు. కార్క్ రేవులో ఓడెక్కిన వేరే కౌంటీల వాళ్ళు కూడా కొన్ని తరాలకు కార్క్ వాళ్ళయిపోతుంటారు.

తరవాత జనాభా లెక్కలు. 1900 నాటి లెక్కల్లో ప్రతి మనిషీ పుట్టిన నెల, ఏడాది, దేశంలోకి వచ్చిన సంవత్సరం, పౌరసత్వం వచ్చిందా లేదా అన్నవి ఉన్నాయి. ఎంతమంది పిల్లల్ని కన్నదీ, వాళ్ళలో ఎందరు బతికున్నదీ తల్లిని అడిగి రాశారు. 1890 లెక్కలు 1921లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల దాదాపు పూర్తిగా పోయాయి. అయితే నెబ్రాస్కా, డకోటా వంటి చోట్ల 1885లో ప్రత్యేకంగా తీసిన లెక్కలు ఆ లోటును కొంత పూడుస్తాయి.

ఈ లెక్కల్లో అనుభవజ్ఞులు ముందుగా చూసేది పిల్లలు పుట్టిన చోటు. పెద్దవాడు మసాచుసెట్స్‌లో, రెండోది పెన్సిల్వేనియాలో, తరవాతి ఇద్దరూ ఇల్లినాయిలో, కడసారపు బిడ్డ నెబ్రాస్కాలో పుట్టారనుకోండి. తల్లిదండ్రులు ఒక్క ముక్క రాసుకోకపోయినా వాళ్ళు నడిచిన దారి అక్కడ గీసివుంది. మజిలీ మజిలీకీ ఒక చర్చి ఉంటుంది. పెద్దకొడుకు జ్ఞానస్నానం రాసిన మసాచుసెట్స్ రిజిస్టరులో, ఐర్లండ్ వదిలి ఎక్కువ కాలం కాని రోజుల్లో, తల్లిదండ్రుల సొంత పారిష్ పేరు పడివుండే అవకాశం ఎక్కువ.

భూమి లెక్క చదవడం

హోమ్‌స్టెడ్ ఫైలు దొరకాలంటే భూమి వివరం కావాలి. పడమటి రాష్ట్రాల భూమిని ఆరేసి మైళ్ళ చదరాలుగా కొలిచారు. ఒక్కో చదరం ఒక టౌన్‌షిప్. దాంట్లో 36 సెక్షన్లు, సెక్షనుకు 640 ఎకరాలు. అందులో పావు భాగమే హోమ్‌స్టెడ్ రైతుకు దక్కే 160 ఎకరాలు. సెక్షన్ల నంబర్లు ఈశాన్య మూల ఒకటితో మొదలై పడమటికి ఆరు దాకా పోయి, కింది వరసలో మళ్ళీ తూర్పుకు తిరుగుతాయి, అచ్చం దుక్కిలో ఎడ్లు సాలు తిరిగినట్టు.

ఆ నంబరు నుంచే ఒక విషయం పసిగట్టవచ్చు. రైలు కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చిన భూములు సాధారణంగా బేసి సంఖ్య సెక్షన్లు. 16, 36 సెక్షన్లు బడుల ఖర్చు కోసం పక్కన పెట్టినవి. మీ ముత్తాత పొలం 17వ సెక్షన్‌లో ఉందంటే, రైలు మార్గానికి దగ్గరి ఊరైతే, అది హోమ్‌స్టెడ్ కాకపోవచ్చు. కొనుక్కున్న భూమి కావచ్చు. అప్పుడు వాషింగ్టన్‌లో వెతికి లాభం లేదు, కౌంటీ ఆఫీసులోని దస్తావేజులు చూడాలి. 'మావాళ్ళు హోమ్‌స్టెడర్లు' అని చెప్పుకునే కుటుంబాల్లో నిజానికి రైలు కంపెనీకి వాయిదాలు కట్టి కొనుక్కున్నవాళ్ళూ ఉంటారు.

పట్టా వచ్చినవాళ్ళ పేర్లు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. చాలామంది ఆ పట్టా బొమ్మ చూసుకుని, అచ్చు వేయించుకుని, చట్రం కట్టించుకుని ఆగిపోతారు. పట్టాలో పేరు, నంబరు, భూమి హద్దులు తప్ప కుటుంబం గురించి ఏమీ ఉండదు. ఆ నంబరు పట్టుకుని నేషనల్ ఆర్కైవ్స్ నుంచి పూర్తి ఫైలు తెప్పించుకోవాలి. నెబ్రాస్కా ఫైళ్ళయితే కంప్యూటర్‌లోనే చూడవచ్చు.

ఫైలులో దరఖాస్తు, రశీదులు, పౌరసత్వ పత్రం నకలు, పట్టా కోసం ఇచ్చిన తుది వాంగ్మూలం ఉంటాయి. దగ్గరి పత్రికలో వేయించిన ప్రకటన కూడా చాలా ఫైళ్ళలో కనిపిస్తుంది. 'ఫలానావాడు పట్టా కోరుతున్నాడు, ఇతని సాగుకు ఈ నలుగురు సాక్షులు' అని ఆ ప్రకటనలో నలుగురి పేర్లు వేసేవాళ్ళు. ఆ నలుగురిలో ఇద్దరు భూమి ఆఫీసుకు వచ్చి, ఈ మనిషిని ఎన్నేళ్ళుగా ఎరుగుదురో, అతని ఇల్లు ఎలా ఉందో, ఏం పండించాడో ప్రమాణం చేసి చెప్పాలి. ఆ ఇద్దరి వాంగ్మూలాలూ ఫైలులోనే ఉంటాయి.

పట్టా దాకా రానివాళ్ళ సంగతి? కరువుకో, మిడతలకో, అప్పులకో లొంగి మధ్యలో వదిలేసిన దరఖాస్తులు చాలా ఉన్నాయి. వాళ్ళ పేర్లు పట్టాల జాబితాలో దొరకవు. సెక్షన్ల వారీగా రాసిన ట్రాక్ట్ బుక్స్ అనే పెద్ద పుస్తకాల్లో, కొట్టివేసిన వరసల్లో ఉంటాయి. ఓడిపోయిన ఏళ్ళు కూడా కుటుంబ చరిత్రలో భాగమే కాబట్టి, ఈ పుస్తకాలు చూడకుండా వెతుకులాట పూర్తికాదు.

ఆడవాళ్ళ పేరున

ఈ చట్టం ఒంటరి స్త్రీలకూ, వితంతువులకూ, విడాకులైనవాళ్ళకూ సొంతంగా దరఖాస్తు పెట్టుకునే హక్కు ఇచ్చింది. పెళ్ళయి భర్తతో ఉన్న స్త్రీకి మాత్రం ఆ హక్కు లేదు. దీనివల్ల వెతికేవాళ్ళకు రెండు లాభాలు. పెళ్ళికాక ముందు పెట్టిన దరఖాస్తులో పుట్టింటి ఇంటిపేరు నిలిచివుంటుంది. భర్త మధ్యలో పోతే భార్య ఆ అయిదేళ్ళూ పూర్తిచేసి పట్టా తీసుకోవచ్చు. అలాంటి ఫైలులో భర్త చనిపోయిన తేదీ, పిల్లల పేర్లు, వయసులు కనిపిస్తాయి.

మరో చోట మాత్రం స్త్రీ కనుమరుగవుతుంది. 1855 నుంచి 1922 దాకా భర్తకు పౌరసత్వం వస్తే భార్యకూ వచ్చినట్టే. అందుకే ఆమె పేరున విడిగా కాగితం ఉండదు. భర్తకున్న కాగితం కూడా 1906 సెప్టెంబరుకు ముందుదైతే చాలావరకు బోసిగానే ఉంటుంది: పేరు, తేదీ, విక్టోరియా రాణికి విధేయత వదులుకుంటున్నానన్న ప్రకటన. ఊరి పేరు ఉంటే అది అదృష్టమే.

ఓడ కాగితాలు

చాలామంది ఆశగా ఓడల జాబితాల మీద పడతారు. 1820 నుంచి అమెరికా రేవుల్లో జాబితాలున్న మాట నిజమే. అయితే 1890ల దాకా వాటిలో ఉండేది పేరు, వయసు, ఆడా మగా, వృత్తి, దేశం. ఒకే ఏడు 'జాన్ ర్యాన్, 22, కూలీ, ఐర్లండ్' అని పదిమంది కనిపిస్తే ఎవరిని మనవాడనుకోవాలి?

ఆ కాలంలోనే వేరే సముద్రం మీద ప్రయాణించిన మనవాళ్ళ కాగితాలతో దీన్ని పోల్చి చూడాలి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలో తెలుగు కూలీలూ ఉన్నారు. దక్షిణాఫ్రికాలోని నేటాల్ తోటలకు ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళ జాబితాల్లో తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం రాశారు. కట్టుబానిసలాంటి కూలీని గుర్తుపట్టి లెక్క చెప్పాల్సిన అవసరం దొరతనానికి ఉంది, అందుకే ఊరు రాసింది. టికెట్టు కొనుక్కుని స్వేచ్ఛగా వెళ్ళిన ఐరిష్ మనిషి ఊరితో ఎవరికీ పనిలేదు, అందుకే ఎవరూ రాయలేదు. డర్బన్‌లోని తెలుగు కుటుంబం తన ఊరిని తేలిగ్గా పట్టుకోగలగడానికీ, నెబ్రాస్కాలోని ఐరిష్ కుటుంబం పట్టుకోలేకపోవడానికీ ఇదొక కారణం.

పొరుగు వెంట పడితే

ఇక అసలు విద్యకు వద్దాం. అమెరికా వంశ చరిత్రకారుల్లో పేరున్న ఎలిజబెత్ షోన్ మిల్స్ ఒక పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చారు. మనిషి గురించి తెలియకపోతే అతని స్నేహితుల్నీ, అతనితో పనిచేసినవాళ్ళనీ, ఇరుగుపొరుగునీ పట్టుకోమంటారు ఆవిడ. హోమ్‌స్టెడ్ ఐరిష్ వాళ్ళ విషయంలో ఇది అచ్చంగా సరిపోతుంది. వాళ్ళు ఒంటరిగా వలస పోవడం తక్కువ. అన్న ముందు వెళ్ళి టికెట్టు పంపితే తమ్ముడు, తమ్ముడి వెనక మేనమామ కొడుకు, అతని వెనక పక్కింటివాళ్ళు. ఐర్లండ్‌లో గట్టు పంచుకున్నవాళ్ళే నెబ్రాస్కాలోనూ గట్టు పంచుకోవడం కద్దు.

అందుకే ఫైలులో సాక్షుల పేర్లు చూడగానే వాటిని విడిగా రాసుకోవాలి. ఆ ఇద్దరి హోమ్‌స్టెడ్ ఫైళ్ళూ తెప్పించాలి. అక్కడ మన మనిషి సాక్షిగా తేలడం మామూలే. పిల్లల జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిదండ్రులుగా నిలిచినవాళ్ళెవరు? పెళ్ళికి సాక్షి సంతకం పెట్టినవాళ్ళెవరు? శ్మశానంలో పక్క సమాధి ఎవరిది? ఈ ప్రశ్నలతో పది పన్నెండు కుటుంబాల పట్టిక తయారవుతుంది. వాటిలో ఒక్కరి ఊరు తెలిసినా చాలు, మిగతావాళ్ళను అక్కడ వెతికి చూడవచ్చు.

ఊరి పేరు దొరికే చోట్లు కొన్ని ఉన్నాయి. ఐరిష్ కాథలిక్కుల సమాధి రాళ్ళ మీద 'ఫలానా పారిష్, ఫలానా కౌంటీ వాస్తవ్యుడు' అని చెక్కించే అలవాటుండేది. స్థానిక పత్రికల్లో వచ్చిన మరణవార్తలు చూడాలి. బోస్టన్ నగరపు కాథలిక్ పత్రిక 'పైలట్' 1831 నుంచి 1921 దాకా తప్పిపోయినవాళ్ళ కోసం ప్రకటనలు వేసింది. అన్నదమ్ముల కోసం, భర్తల కోసం వేయించిన ఆ ప్రకటనల్లో కౌంటీ, పారిష్, ఒక్కోసారి టౌన్‌లాండ్, చివరిసారి ఎక్కడ పని చేశాడన్నది కూడా ఉంటాయి. న్యూయార్క్‌లో 1850లో పెట్టిన ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు, ఖాతాదారు అసలువాడేనా అని తేల్చుకోవడానికి పుట్టిన ఊరు, వచ్చిన ఓడ, తల్లిదండ్రుల పేర్లు అడిగి రాసుకుంది. చదువురాని కూలీల డబ్బు భద్రం కోసం రాసిన ఆ పుస్తకాలు ఇవాళ వంశ చరిత్రకారులకు పెన్నిధి.

సముద్రం అవతల

ఊరి పేరు దొరికాక ఐర్లండ్ వైపు పని మొదలవుతుంది. ఇక్కడ అందరికీ తెలిసిన విషాదం ఒకటుంది. అంతర్యుద్ధంలో 1922 జూన్ 30న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలుడుకూ మంటలకూ ఆహుతైంది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. 1861, 1871 లెక్కలను అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891 లెక్కలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితపు గుజ్జుగా మారాయి. 'అన్నీ కాలిపోయాయి' అన్న మాట అక్కడినుంచే పుట్టింది.

అన్నీ కాలిపోలేదు. కాథలిక్ చర్చి రిజిస్టర్లు ఏ పారిష్‌వి ఆ పారిష్‌లోనే ఉండబట్టి బతికాయి. వాటి మైక్రోఫిల్మ్ ప్రతులను ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015లో అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. 1901, 1911 జనాభా లెక్కలు పూర్తిగా ఉన్నాయి. 1847, 1864 మధ్య రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో అచ్చయిన భూమి విలువల జాబితా మరీ ముఖ్యమైనది. టౌన్‌లాండ్ వారీగా ఎవరు సాగులో ఉన్నారు, ఎవరి దగ్గర కౌలుకు తీసుకున్నారు, విస్తీర్ణమెంత, విలువెంత అన్నది అందులో ఉంటుంది. తరవాతి దశాబ్దాల్లో అధికారులు ఆ జాబితాల్లో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాస్తూ వచ్చారు. మన రైతు అమెరికా వచ్చిన ఏడాదికి దగ్గర్లో అతని పేరు అక్కడ కొట్టేసివుంటే, ఆ గీత ఒక సాక్ష్యం. సాక్షుల ఇంటిపేర్లు కూడా అదే టౌన్‌లాండ్‌లోనో, పక్కదానిలోనో కనిపిస్తే నమ్మకం కుదురుతుంది.

ఉండిపోయిన తోబుట్టువులనూ మరిచిపోకూడదు. 1909 జనవరిలో డెబ్బై ఏళ్ళు నిండినవాళ్ళకు పింఛను మొదలైంది. ఐర్లండ్‌లో అందరి జననాల నమోదు మొదలైంది 1864లో. అందువల్ల ముసలివాళ్ళ దగ్గర వయసుకు రుజువు లేదు. అప్పటికింకా కాలిపోని 1841, 1851 లెక్కల్లో తమ పేరు వెతికించమని దరఖాస్తు పెట్టుకున్నారు. గుమాస్తాలు వెతికి రాసిన ఆ చీటీలు మిగిలాయి. బూడిదైన లెక్కల్లోంచి తల్లిదండ్రుల పేర్లు, టౌన్‌లాండ్ అలా బతికి బయటపడ్డాయి. నెబ్రాస్కా రైతు గురించి ఆ చీటీలో ఏమీ ఉండకపోవచ్చు. ఊళ్ళో ఉండిపోయిన అతని అక్క పింఛను కోసం పెట్టుకున్న అర్జీలో అతని తల్లి పేరు ఉంటుంది.

పేర్ల విషయంలో ఒక ఆచారం ఆసరా, అదే ఒక ఉచ్చు. మొదటి కొడుక్కి నాన్నవైపు తాత పేరు, రెండోవాడికి అమ్మవైపు తాత పేరు; మొదటి కూతురికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నాయనమ్మ పేరు పెట్టడం అక్కడ వాడుక. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకిది కొత్త కాదు. పిల్లల వరస చూసి తాతల పేర్లు ఊహించవచ్చు. కానీ నలుగురు అన్నదమ్ములూ తమ పెద్దకొడుకులకు ఒకే తాత పేరు పెడితే ఒకే పారిష్‌లో, ఇంచుమించు ఒకే వయసులో, ఒకే పేరుతో నలుగురు తేలతారు. ఊహను ఊహగానే రాసుకోవాలి.

పేరు ఒకటే, మనిషి వేరు

ఈ జాగ్రత్త ఎందుకో చెప్పడానికి ఆనీ మూర్ కథను మించింది లేదు. 1892 జనవరి 1న ఎల్లిస్ ఐలాండ్ తెరిచినప్పుడు మొదట అడుగుపెట్టిన వలసదారు కార్క్‌కు చెందిన ఈ అమ్మాయి. ఇద్దరు తమ్ముళ్ళతో నెవాడా ఓడలో వచ్చింది. పడమటికి వెళ్ళి, టెక్సస్‌లో స్థిరపడి, చివరికి వీధి రైలు గుద్ది చనిపోయిందని చాలాకాలం అందరూ నమ్మారు. ఆ కుటుంబ వారసులకు సన్మానాలూ జరిగాయి. 2006లో మేగన్ స్మోలెన్యాక్ అనే వంశ చరిత్రకారిణి కాగితాలు తిరగేసి చూస్తే, టెక్సస్ ఆనీ మూర్ ఇల్లినాయిలో పుట్టిన మనిషి. అసలు ఆనీ న్యూయార్క్ వదిలి పోనేలేదు. అక్కడే పెళ్ళాడి, చాలామంది పిల్లల్ని కని, 1924లో చనిపోయింది.

పడమటి మైదానాల కథ అందంగా ఉంది కాబట్టి అందరూ దాన్ని పట్టుకున్నారు. మురికివాడలో గడిచిన జీవితం కథగా ఎవరికీ తోచలేదు. వంశ చరిత్రలో తప్పులు ఎక్కువగా ఇలాగే పుడతాయి: మనకు కావలసిన ముత్తవ్వను ఎంచుకుని, ఆమెకు తగిన కాగితం వెతుక్కుంటాం. దీనికి మందు ఒక్కటే. ప్రతి వాక్యం పక్కనా అది ఏ కాగితంలో ఉందో రాయాలి. ఒకే పేరున్న ఇద్దరుంటే ఇద్దరి జీవితాలనూ చివరిదాకా వెంబడించి, ఇతను అతను కాడని తేల్చాలి. డీఎన్ఏ పరీక్ష దీనికి తోడ్పడుతుంది గానీ, దాని జవాబును అర్థం చేసుకోవడానికి కూడా కాగితాలే కావాలి.

పట్టాకు ముందు

నిజాయితీగా రాసే వంశ చరిత్ర ఇంకో మెట్టు వెనక్కి పోవాలి. పట్టా ఇచ్చిన ప్రభుత్వానికి ఆ నేల ఎక్కడిది? హోల్ట్ కౌంటీ ఉత్తరపు హద్దున పారే నయోబ్రారా నది పొంకా అనే ఆదివాసీ ప్రజల సీమ గుండా పోతుంది. ఓనీల్ బృందం దిగిన మూడేళ్ళకు, 1877లో, పొంకాలను బలవంతంగా దక్షిణాన ఇండియన్ టెరిటరీకి తరలించారు. చనిపోయిన కొడుకును పుట్టిన నేలలో పూడ్చడానికి తిరిగివచ్చిన వాళ్ళ నాయకుడు స్టాండింగ్ బేర్‌ను నిర్బంధించారు. 1879లో ఒమాహా కోర్టులో జడ్జి ఎల్మర్ డండీ, చట్టం దృష్టిలో ఇండియన్ కూడా మనిషేనని తీర్పు చెప్పాల్సివచ్చింది.

భూస్వామి ఇల్లు ఖాళీ చేయిస్తే వచ్చిన కౌలుదారు, ఇంకొకరిని ఖాళీ చేయించిన నేల మీద పట్టాదారయ్యాడు. అతనికది తెలిసివుండకపోవచ్చు, తెలిసీ చేయగలిగింది లేకపోవచ్చు. 1847లో చోక్టా అనే మరో ఆదివాసీ ప్రజలు, తామే తరిమివేతకు గురై పట్టుమని ఇరవయ్యేళ్ళు కాకుండానే, ఐర్లండ్ కరువు బాధితుల కోసం చందాలు పోగుచేసి పంపారు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన ఉంటేనే ఆ కుటుంబ చరిత్ర పూర్తవుతుంది.

ఈ శ్రమ దేనికి?

రాజుల చరిత్రకు శాసనాలున్నాయి, కావ్యాలున్నాయి. కౌలుదారు చరిత్రకు ఉన్నవి శిస్తు పుస్తకాలు, పింఛను అర్జీలు, సాక్షుల వాంగ్మూలాలు. ఇవేవీ అతని కోసం రాసినవి కావు. వాటిని వరసలో పెట్టి చదివినప్పుడు కరువు, వలస, చట్టం అన్న పెద్ద మాటలు ఒక ఇంటి కొలతల్లోకి దిగివస్తాయి. పిల్లలెందరు పుట్టి ఎందరు మిగిలారో, ఏ ఏడు పంట పోయిందో, ఎవరు ఎవరి కోసం భూమి ఆఫీసుకు బండి కట్టుకుని వెళ్ళారో తెలుస్తుంది.

ఇప్పుడీ పని రెండు వైపుల నుంచీ సాగుతోంది. గాల్వే కౌంటీలో మొదలైన 'ఐర్లండ్ రీచింగ్ అవుట్' అనే సంస్థలో పారిష్ వారీగా స్వచ్ఛంద కార్యకర్తలున్నారు. తమ ఊరు వదిలి వెళ్ళినవాళ్ళ వారసులను వాళ్ళే వెతికి పలకరిస్తారు. ఏ పాడుబడ్డ ఇల్లు ఎవరిదో, ఏ కుటుంబానికి ఏ మారుపేరుండేదో ఊళ్ళో ఉన్నవాళ్ళకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. అక్కడ కూడా జవాబు చెప్పేది పొరుగువాడే.

అందుకే ఈ పనికి కూర్చునేవాళ్ళు తమ ఇంటిపేరున్న కాగితాలతో ఆగకూడదు. పట్టా ఫైలులో ప్రమాణం చేసిన ఆ ఇద్దరు సాక్షుల పేర్ల మీదా చెరొక పుస్తకం తెరవాలి. దొరికినదంతా నలుగురూ చూసేలా పెట్టాలి. ఆ సాక్షుల మునిమనవలు కూడా ఎక్కడో కూర్చుని ఇదే ఊరి కోసం వెతుకుతుంటారు. మన ముత్తాతకు వాళ్ళ ముత్తాత చెప్పిన సాక్ష్యానికి ఇన్నేళ్ళకు మనం తిరిగి సాక్ష్యం చెప్పినట్టవుతుంది.